గిటార్ గేమ్‌లో తాళం తప్పుతోందా? ముందు టీవీని అనుమానించండి

ప్రశ్న: నమస్తే అండీ. మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 41 ఏళ్లు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లింగ్ చూస్తాను. మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ వాళ్లింట్లో మూల పడున్న గిటార్ హీరో గిటార్ ఒకటి (గేమ్ ఆడే ప్లాస్టిక్ గిటార్, ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ కన్సోల్‌ది, వైరు ఉన్నది) మా అబ్బాయికని తెచ్చాడు. వాడు దాన్ని లాప్‌టాప్‌కి తగిలించి క్లోన్ హీరో గేమ్ (తెర మీద రంగు బిళ్లలు గీత దాకా దిగినప్పుడు గిటార్ మీద ఆ రంగు బటన్ నొక్కి కొట్టాలి) ఎక్కించి, బొమ్మ హాల్లో టీవీలో వచ్చేట్టు, సౌండ్ పాత కంప్యూటర్ స్పీకర్లలో వచ్చేట్టు పెట్టాడు. కొన్నాళ్లు ఆడి ఇంటర్ పరీక్షలని వదిలేశాడు. ఇప్పుడు నేను ఆడుతున్నాను. రాత్రి వంటిల్లు సర్దాక ఒక ముప్పావు గంట. రోజంతా దానికోసమే ఎదురు చూస్తాను. కానీ ఎంత ఆడినా మీడియం లెవెల్ దాటలేకపోతున్నాను. సరిగ్గానే కొట్టాననిపిస్తుంది, గేమ్ మాత్రం తప్పంటుంది. తెలిసిన పాటైతే కళ్లు మూసుకుని కొడితే కాస్త మేలు, తెర చూస్తూ కొడితే అన్నీ పోతాయి. మావారు "నీకు తాళం లేదు, వదిలెయ్" అని నవ్వుతారు. చిన్నప్పుడు చిత్తూరులో పాట నేర్చుకోవడానికి పోతే టీచరు కూడా ఇదే మాట అని పంపించేసింది. అత్తమ్మ భజన గోష్ఠికి పోతారు, "ఆ బొమ్మ పట్టుకునే బదులు నాలుగు కీర్తనలు నేర్చుకోరాదా" అంటారు. కింద ఉండే ఓనరు రాత్రిళ్లు టక్ టక్ అని చప్పుడొస్తోందంటున్నారు. ఎడమ మణికట్టు కూడా లాగుతోంది. ఈ వయసులో నాకిది అవసరమా? దీని బదులు నిజం గిటార్ కొనుక్కోవాలా? తెలుగు పాటలు ఇందులో ఆడుకోవచ్చా?

సమాధానం:

అక్కా, కళ్లు మూసుకుని కొడితే మేలు, చూస్తూ కొడితే అన్నీ పోతాయి అని రాశారు చూడండి, నాకు ఆ ఒక్క మాట చాలు. తాళం లేని మనిషికి అలా జరగదు. తాళం లేకపోతే కళ్లు మూసినా తెరిచినా ఒకేలా తప్పుతుంది, ఇంకా చెప్పాలంటే కళ్లు మూసుకుంటే ఆ కాస్త ఆధారం కూడా పోయి ఇంకా ఎక్కువ తప్పుతుంది. మీకు చెవితో పోతే కుదురుతోంది, కంటితో పోతే చెడుతోంది అంటే మీ చెవికి ఒక టైమ్, మీ కంటికి ఇంకో టైమ్ అందుతోందన్నమాట. మీ ఇంట్లో ఆ గేమ్ పెట్టిన పద్ధతి చదివితే అది ఎక్కడ జరుగుతోందో కూడా తెలిసిపోతోంది.

టీవీ లాప్‌టాప్ నుంచి వచ్చిన బొమ్మని వచ్చింది వచ్చినట్టు చూపించదు. రంగులు దిద్దుతుంది, కదలికని నునుపు చేస్తుంది, బొమ్మని తన తెర సైజుకి సాగదీస్తుంది, ఇదంతా చేసి చూపించేసరికి కొంత ఆలస్యమవుతుంది. సినిమా చూసేటప్పుడు మనకిది తెలీదు, ఎందుకంటే టీవీ తన స్పీకర్లో వచ్చే మాటల్ని కూడా దాదాపు అంతే ఆపి రెండూ కలిపి వదులుతుంది. మీ ఇంట్లో సౌండ్ టీవీకి పోవడమే లేదు, లాప్‌టాప్ నుంచి నేరుగా కంప్యూటర్ స్పీకర్లకి పోతోంది. కాబట్టి పాట టైమ్‌కి వస్తోంది, రంగు బిళ్లలు మాత్రం తెర మీద ఆలస్యంగా దిగుతున్నాయి. మీరు బిళ్ల గీత దగ్గరికి వచ్చినప్పుడు నమ్మకంగా స్ట్రమ్ (కుడి చేత్తో ఆడించే మీట) కొడుతున్నారు, గేమ్ లెక్కలో ఆ నోటు, అంటే ఆ బిళ్ల, అప్పటికే దాటిపోయింది.

ఎంత ఆలస్యం అంటారేమో. గేమ్ మోడ్ పెట్టని టీవీల్లో 100 మిల్లీసెకన్లు, అంటే సెకనులో పదోవంతు, మామూలు సంగతే. వినడానికి ఏమీ లేనట్టుంటుంది కానీ లెక్క వేసి చూడండి. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో ఒక్కో దెబ్బకీ అర సెకను, ఆ దెబ్బని చతురశ్రంలో నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 125 మిల్లీసెకన్లు, అంటే మీ టీవీ ఇంచుమించు తకధిమిలో ఒక అక్షరం మింగేసి చూపిస్తోంది. గేమ్ మనకిచ్చే గడువేమో నోటుకి ముందుగానీ వెనకగానీ సెకనులో పదోవంతు కూడా ఉండదు. మీరెంత కచ్చితంగా కొడితే అంత కచ్చితంగా తప్పవుతుంది. ఇలాంటి టీవీ ముందు ఎవరిని కూర్చోబెట్టినా తాళం లేదనే అనిపిస్తారు.

ఈ రాత్రికే చెయ్యగలిగిన పని, పైసా ఖర్చు లేనిది, టీవీ వైరు పీకేసి లాప్‌టాప్ తెర మీదే ఒక పాట ఆడండి, సౌండ్ ఆ పాత స్పీకర్లలోనే రానివ్వండి. లాప్‌టాప్ సొంత తెరకి ఈ దిద్దుబాట్లు ఉండవు కాబట్టి ఆలస్యం చాలా తక్కువ. తెర చిన్నదే, కళ్లజోడు ఉంటే పెట్టుకోండి, అయినా ఆడి చూడండి. మీ స్కోరు ఒక్కసారిగా పెరిగితే ఇక అనుమానం అక్కర్లేదు.

పెద్ద తెర కావాలనుకుంటే టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్ దగ్గర గేమ్ మోడ్ అని ఉంటుంది, అది ఆన్ చెయ్యండి. కొన్ని టీవీల్లో ఆ హెచ్‌డీఎమ్‌ఐ ఇన్‌పుట్ పేరుని పీసీ అని మార్చినా దిద్దుబాట్లు తగ్గుతాయి. కదలికని నునుపు చేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, దాన్ని ఆపేయండి. ఇవన్నీ అయ్యాక మిగిలే ఆ కాస్త తేడా కోసం గేమ్ లోపలే కాలిబ్రేషన్ (ఎంత ఆలస్యమో అంకెల్లో కొలిచి సరిచేసేది) ఉంటుంది. సౌండ్‌కి వేరుగా, బొమ్మకి వేరుగా సరిచేసుకోవచ్చు. సౌండ్‌ది చేసేటప్పుడు తెర చూడకండి, విని కొట్టండి. బొమ్మది చేసేటప్పుడు సౌండ్ పూర్తిగా తగ్గించి చూసి కొట్టండి. ఒక్కసారి చేసి వదిలేయకుండా నాలుగైదు సార్లు చేసి వచ్చిన అంకెలు చూడండి.

ఆ అంకెల గురించి కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మీవారి మాటకీ ఆ టీచరు మాటకీ జవాబు అక్కడే ఉంది. ప్రతిసారీ అంకె దగ్గరదగ్గరగా వస్తే, మీరు ఎప్పుడూ ఒకే దూరంలో ఆలస్యం అవుతున్నారంటే, ఆ ఆలస్యం మిషన్‌ది. ఒకసారి బాగా ముందు, ఒకసారి బాగా వెనక, ఇంకోసారి ఎక్కడో పడుతుంటే అప్పుడది చేతికి ఇంకా కుదరని తాళం, దానికి సాధన కావాలి, సాధనతో వస్తుంది కూడా. ఈ తేడా చూడకుండా ఎవరికీ తాళం లేదు అని తీర్పు చెప్పకూడదు. ఒక చిన్నపిల్ల పాట నేర్చుకుంటానని గుమ్మం ఎక్కితే, చేత్తో తాళం వేయించి, ఎక్కడ తప్పుతోందో చూసి, నాలుగు రోజులు కూర్చోబెట్టి అప్పుడు కదా ఏదైనా అనాల్సింది. అదేమీ చేయకుండా పంపించేస్తే ఆ పిల్ల పెద్దయ్యాక తన ఇంటి హాల్లో తనకోసం తాను ఆడుకునే ఆటలో కూడా తప్పంతా తనదే అనుకుంటుంది. నాకు ఆ టీచరు మీద చాలా కోపం వచ్చింది అక్కా. ముందు టీవీ సంగతి చూడండి, ఆ తర్వాత కూడా ఆ మాట గుర్తొస్తే ఈ అంకెలు చూసుకోండి.

సెటప్ కుదిరాక కూడా కొన్ని చోట్ల తప్పుతాయి, అది ఆటే. దానికి అత్తమ్మగారి సాయం తీసుకోమంటాను, నిజంగానే చెబుతున్నాను. భజన గోష్ఠిలో ఏళ్ల తరబడి తాళం వేసిన చెయ్యి అది. పక్కన కూర్చుని తొడ మీద తాళం వెయ్యమనండి, పాట ఇంగ్లీషుదైనా ఫర్వాలేదు, ఈ గేమ్‌లో ఎక్కువగా ఉండే రాక్ పాటలు చాలావరకు నాలుగు దెబ్బల లెక్కలోనే పోతాయి, రెండు ఆవృత్తాలు వినగానే ఆవిడకి దొరికిపోతుంది. మీకు ఇబ్బంది పెట్టే నోట్లు బహుశా దెబ్బ మీద కాకుండా దెబ్బ పడ్డాక అర దెబ్బ వదిలి వచ్చేవి. కర్ణాటక సంగీతంలో తాళం మొదలయ్యాక కాస్త ఆగి పాట ఎత్తుకుంటే అనాగత గ్రహం అంటారు, అలా ఎత్తుకునే కీర్తనలు ఆవిడ ఎన్నో పాడుంటారు. ఎక్కడ ఆగాలో, ఆ ఖాళీని ఎలా మోయాలో మీకు ఆవిడ చెప్పగలిగినట్టు ఏ వీడియో చెప్పలేదు. కీర్తనలు నేర్చుకోమని ఆవిడ అనడం కూడా మంచి మాటే, రెండిటికీ పోటీ ఏమీ లేదు, తిరుపతిలో ఉండి టీటీడీ వాళ్ల సంగీత నృత్య కళాశాల ఊళ్లోనే పెట్టుకుని నేర్చుకోవాలంటే దారి లేక కాదు. కానీ మీకు ఇప్పుడు ఏది ఇష్టంగా ఉందో అది ఆడండి. ఒకటి మానేస్తేనే ఇంకొకటి అన్న లెక్క దీనికి వద్దు.

ఇక మీడియం దాటడం. మీడియంలో నాలుగు బటన్లు, నాలుగు వేళ్లు, సరిపోయింది. హార్డ్‌లో ఐదో బటన్ ఆరెంజ్ వస్తుంది, వేళ్లు మాత్రం నాలుగే. అందరూ ఆగేది ఇక్కడే, మీరొక్కరే కాదు. చెయ్యిని ఒకేచోట పెట్టి చిటికెన వేలిని ఆరెంజ్ దాకా సాగదీయాలని చూస్తారు, మణికట్టు లాగడానికి అదొక కారణం. అలా సాగదీయకండి. చూపుడు వేలు ఆకుపచ్చ మీద నుంచి ఎరుపు మీదికి జరపండి, చెయ్యి మొత్తం ఒక బటన్ కిందికి జరగాలి. ఆకుపచ్చ నోటు కనిపించగానే మళ్లీ వెనక్కి. మొదట్లో ప్రాక్టీస్ మోడ్‌లో పాట స్పీడు బాగా తగ్గించుకుని ఆ జరిగే చోటు ఒక్కటే పదేపదే ఆడితే కొన్ని రోజులకి చెయ్యి చూడకుండానే జరుగుతుంది. ఇంకో సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు: ఒంటి నోటు కొట్టేటప్పుడు దానికి పైన, అంటే మెడ చివరి వైపు ఉన్న బటన్లు నొక్కి ఉంచినా గేమ్ తప్పనదు. పసుపు కొట్టాలంటే ఆకుపచ్చ, ఎరుపు వదలాల్సిన పనిలేదు, పసుపు అదనంగా నొక్కి కొడితే చాలు. రెండు మూడు కలిపి నొక్కే వాటికి మాత్రం అడిగినవే నొక్కాలి. మెరుస్తూ వచ్చే నోట్లు ఉంటాయి కదా, వాటి ముందు నోటు సరిగ్గా పడితే వాటికి స్ట్రమ్ అక్కర్లేదు, బటన్ మారిస్తే చాలు. అన్నిటికీ కొడుతూ కుడి చెయ్యిని అలసిపోనివ్వకండి. స్ట్రమ్ కిందికే కాకుండా కిందికీ పైకీ మార్చి మార్చి కొట్టడం ఇప్పుడే అలవాటు చేసుకోండి.

బిళ్లలు ఒకదాని మీద ఒకటి కుప్పగా వస్తున్నట్టు అనిపిస్తే నోట్ స్పీడ్ పెంచండి. తగ్గించాలి కదా అనిపిస్తుంది, కానీ పెంచితే పాట వేగం మారదు, నోట్ల మధ్య ఎడం పెరిగి చదవడం సులువవుతుంది. చూపు గీత మీద పెట్టకండి, గీతకి కొంచెం పైన పెట్టండి.

మణికట్టు విషయం తేలిగ్గా తీసుకోకండి. మీరు ఆస్పత్రిలో రోజంతా కీబోర్డు మీద పని చేసి వచ్చి మళ్లీ అదే చేత్తో నొక్కుతున్నారు. పట్టీ మెడకి వేసుకుని గిటార్ బరువు భుజం మీద పడేట్టు చూసుకోండి, లేకపోతే ఎడమ చెయ్యి గిటార్‌ని మొయ్యాలి, నొక్కాలి, రెండు పనులు చేస్తుంది. సోఫాలో వెనక్కి వాలి ఆడొద్దు, వీపు లేని స్టూల్ గానీ డైనింగ్ కుర్చీ గానీ మంచిది. బటన్లు తేలిగ్గా నొక్కినా పడతాయి, కష్టమైన చోటు రాగానే మనం తెలీకుండా గట్టిగా పిసికేస్తాం, అది గమనించుకోండి. రెండు మూడు పాటలకి ఒకసారి చేతులు దించి విదిలించండి. వేళ్లు తిమ్మిరెక్కడం, ఆడనప్పుడు కూడా నొప్పి ఉండటం, రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారడం ఉంటే గేమ్ ఆపి డాక్టరుకి చూపించండి. ఆస్పత్రిలోనే పని చేస్తున్నారు కదా, రేపు రేపు అని వాయిదా వేయకండి.

కింద ఓనరు మాటకొస్తే, స్ట్రమ్ బార్ టిక్ టిక్ అనే మాట నిజమే, దాని లోపల స్విచ్‌లు అలాగే పని చేస్తాయి. కానీ ఆ చప్పుడు స్లాబు దాటి కిందికి పోయేంత పెద్దది కాదు. కిందికి పోయేది ఎక్కువగా మీ కాలు. పాట ఆడుతుంటే మడమతో నేల మీద కొడుతున్నారేమో చూసుకోండి, దాదాపు అందరూ కొడతారు. కాలు ఆపమని మాత్రం అనను, తాళం మీ శరీరం అక్కడే లెక్కపెడుతోంది, అది ఆపితే ఆట చెడుతుంది. కాళ్ల కింద ఒక బొంత మడిచి వేసుకోండి, మడమ బదులు ముందరి పాదంతో మెల్లగా వేయండి. స్పీకర్లు నేల మీదో గోడకి ఆనించో ఉంటే అక్కణ్ణుంచి తీసి కింద ఏదైనా మెత్తటి గుడ్డ పెట్టండి. పదింటి తర్వాతైతే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, కానీ వైరువే. దయచేసి బ్లూటూత్‌వి పెట్టుకోకండి. టీవీ బొమ్మని ఆలస్యం చేస్తున్నట్టే బ్లూటూత్ సౌండ్‌ని ఆలస్యం చేస్తుంది, మామూలు ఇయర్‌ఫోన్లలో అది టీవీ ఆలస్యం కంటే ఎక్కువే ఉండొచ్చు, అప్పుడు మీకు ఇటు కన్నూ పనికిరాదు, అటు చెవీ పనికిరాదు. ఇవన్నీ చేశాక ఒకసారి మీరే కిందికి వెళ్లి, అమ్మా ఇప్పుడు వినిపిస్తోందా అని అడగండి. అడిగితే సగం గొడవ తగ్గుతుంది.

నిజం గిటార్ కొనుక్కోవాలా అన్నారు. ఈ గేమ్ ఆడటం గిటార్ నేర్చుకోవడం కాదు, ఇందులో తీగ లేదు, స్వరం మీ వేలితో పుట్టదు, ఐదు బటన్లు నొక్కితే రికార్డు చేసి పెట్టిన గిటార్ వినిపిస్తుంది, తప్పితే ఆగిపోతుంది. నిజం గిటార్ మొదటి నెల వేళ్ల కొసలు మండుతాయి, కార్డులు (కొన్ని తీగలు కలిపి నొక్కి పట్టడం) పట్టడానికే చాలా ఓపిక కావాలి. అయినా ఇందులోంచి అటు పనికొచ్చేవి ఉన్నాయి. ఎడమ చెయ్యి ఒకటి చేస్తుంటే కుడి చెయ్యి ఇంకోటి చేయడం వచ్చేసి ఉంటుంది. పాటలో గొంతు, డప్పులు, బేస్ అన్నీ కలిసి వస్తుంటే అందులోంచి గిటార్‌ని ఒక్కదాన్నే వేరుచేసి వినడం వచ్చేసి ఉంటుంది, ఇది చాలా పెద్ద విషయం, ఇంతకుముందు రేడియోలో విన్న పాటలే ఇప్పుడు వేరేగా వినిపిస్తున్నాయా లేదా మీరే చెప్పండి. మీకు తీగ మీద వేలు పెట్టాలని కోరిక ఉంటే కొనుక్కోండి. దీన్ని ఆడుతున్నందుకు సిగ్గుపడి, ఏదో ప్రయోజనం చూపించాలని మాత్రం కొనకండి, అలా కొన్నది రెండు నెలల్లో అటక ఎక్కుతుంది. గేమ్ లాంటిదే కావాలి, గిటార్ కూడా నిజమైనదే కావాలి అనుకుంటే యూబీసాఫ్ట్ వాళ్లది రాక్‌స్మిత్ అని ఉంది, మొదటిది 2011లో వచ్చింది, 2022లో వచ్చిన రాక్‌స్మిత్ ప్లస్ చందా కట్టి వాడుకునేది. అందులో మీరు వాయించిన అసలు తీగ శబ్దాన్నే అది విని సరిపోల్చుకుంటుంది. అక్కడ కూడా ఆలస్యం సమస్య ఉంటుంది, కాబట్టి ఇప్పుడు టీవీ గురించి నేర్చుకున్నది వృథా పోదు.

వయసు గురించి అడిగారు. 2005లో హార్మోనిక్స్, రెడ్ఆక్టేన్ అనే కంపెనీలు కలిసి మొదటి గిటార్ హీరో తెచ్చినప్పుడు ఎగబడి ఆడిన కాలేజీ పిల్లలు ఇప్పుడు మీ వయసు వాళ్లే. ఒక దశలో అమెరికాలో చాలామంది కుర్రాళ్ల గదుల్లో ఈ ప్లాస్టిక్ గిటార్లు ఉండేవి, ఏడాదికి ఎన్నో గేమ్‌లు వదిలేసరికి జనానికి మొహం మొత్తి 2011లో ఆ గేమ్‌లు అమ్మే యాక్టివిజన్ కంపెనీ ఆ విభాగమే మూసేసింది, 2015లో గిటార్ హీరో, అదే తరహా గేమ్ రాక్ బ్యాండ్ రెండూ మళ్లీ వచ్చినా పాత ఊపు రాలేదు. అయినా ఆడేవాళ్లు ఆపలేదు, మీ అబ్బాయి ఎక్కించిన క్లోన్ హీరో అలా అభిమానులు సొంతంగా చేసి ఉచితంగా ఇస్తున్నదే. హార్మోనిక్స్‌ని 2021లో ఎపిక్ గేమ్స్ కొన్నాక 2023 చివర్లో ఫోర్ట్‌నైట్ అనే తమ ఆన్‌లైన్ గేమ్‌లో ఇదే తరహా ఆట పెట్టారు, దాంతో కొత్త గిటార్లు తయారు చేయడం మళ్లీ మొదలైంది. కాబట్టి ఇది చిన్నపిల్లల ఆట అనేవాళ్లకి దీని సంగతి తెలీదు. రోజంతా బిల్లుల దగ్గర జనం టెన్షన్ మీ మీద పడుతుంది, ఇంటికొచ్చి వంట, పిల్లాడి పరీక్షలు, ఇవన్నీ అయ్యాక మీకంటూ మిగిలేది ఆ ముప్పావు గంటే. దాన్ని ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా ఆడుకోండి. మీవారు నవ్వితే కోపం తెచ్చుకోకండి, టీవీని సరిచేయకముందు ఒక పాట, సరిచేశాక అదే పాట ఆయన చేత ఆడించండి, రెండు స్కోర్లూ ఆయనే చూసుకుంటారు.

మీ గిటార్ బహుశా 2007 ప్రాంతంలో ఎక్స్‌బాక్స్ 360కి గిటార్ హీరో 2తో వచ్చిన ఎక్స్‌ప్లోరర్ రకం. అదైతే మీ అదృష్టం బాగుంది. ఆ కాలం ప్లేస్టేషన్ వైర్‌లెస్ గిటార్లకి రిసీవర్ ముక్క విడిగా ఉంటుంది, అది పోతే గిటార్ మూలన పెట్టాల్సిందే. మీది యూఎస్‌బీ వైరుతో నేరుగా విండోస్ లాప్‌టాప్‌కి పని చేస్తుంది. తమ్ముడు కన్సోల్ తేకపోవడం కూడా మంచిదే అయింది, అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టి ఉంటే అడాప్టర్ కాలిపోయే ప్రమాదం ఉండేది. ఈ వైరులో యూఎస్‌బీ దగ్గర ఒక జాయింట్ ఉంటుంది, ఎవరైనా కాలికి తగిలి లాగితే లాప్‌టాప్ కిందపడకుండా అక్కడ ఊడి వస్తుంది. ఊడినప్పుడు ఆ చిన్న ముక్క లాప్‌టాప్‌కే ఉండిపోతుంది, దాన్ని పోగొట్టుకోకండి. మన ఎండలకి చేతులు చెమట పడతాయి, ఆడాక బటన్లు పొడి గుడ్డతో తుడిచి, దుమ్ము పడకుండా పాత దిండు గలేబులో పెట్టండి.

తెలుగు పాటల సంగతి మీ అబ్బాయికి అప్పగించండి, పరీక్షలయ్యాకే. కంపెనీలు తెలుగు పాటలు పెట్టినట్టు నాకు తెలీదు కానీ క్లోన్ హీరోలో ఏ పాటకైనా మనమే నోట్లు రాసుకోవచ్చు, దాన్ని చార్ట్ అంటారు, మూన్‌స్క్రేపర్ అనే ఉచిత ఎడిటర్‌తో చేస్తారు. మీరు కొనుక్కున్న పాట ఫైలు తీసుకుని ఇంట్లో ఆడుకోవడానికి చేసుకోండి, నెట్‌లో పంచిపెట్టకండి. ఇందులో కష్టం నోట్లు పెట్టడంలో ఉండదు, లయ పట్టడంలో ఉంటుంది. ఈ కాలం పాటలు చాలావరకు కంప్యూటర్ ఒకే వేగంతో వేసే క్లిక్‌కి రికార్డు చేసినవి కాబట్టి మొదట్లో నిమిషానికి ఎన్ని దెబ్బలో పట్టుకుంటే చివరిదాకా అదే పోతుంది. పాత పాటలు ఆర్కెస్ట్రా మొత్తం ఒకేసారి కూర్చుని వాయించినవి, చరణంలో కొంచెం నెమ్మదిస్తారు, పల్లవికి వచ్చేటప్పుడు కొంచెం ఉరుకుతారు, వింటే తెలీదు కానీ ఎడిటర్‌లో రెండో చరణానికి వచ్చేసరికి గీతలన్నీ పక్కకి జరిగిపోయి ఉంటాయి. అలాంటప్పుడు ప్రతి ఆవృత్తానికీ లయ విడిగా సరిచేసుకుంటూ పోవాలి. కాబట్టి మొదటి చార్ట్‌కి ఈ మధ్య పాట ఒకటి, గిటార్ స్పష్టంగా వినిపించేది తీసుకుని, పల్లవి ఒక్కటే చేయమనండి. వాడు నోట్లు పెడుతుంటే పక్కన కూర్చుని, ఇక్కడ దెబ్బ పడాలి అని మీరు చెప్పండి.